పల్చటి నూనె

కారు నాది. నా జీతంతో నేను కొనుక్కున్నది. రోజూ పొద్దున ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు, సాయంత్రం ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి దాన్ని నడిపిందీ నేనే. అయినా ఆ కారు ఇంజన్‌లో ఏ నూనె ఉండాలో తేల్చింది మాత్రం మా మామ. ఆయన జన్మలో స్టీరింగ్ పట్టుకున్న మనిషి కాదు.

మామగారు అని రాయాలి, నాకు తెలుసు. రాయను. ఎదురుగా ఉన్నప్పుడు ‘మీరు’ అంటున్నాను, కాఫీ గ్లాసు రెండు చేతులతో అందిస్తున్నాను, చాలదా? రాసుకునేటప్పుడైనా నా నోటికి వచ్చినట్టు రాసుకోనివ్వండి.

మా మామది నూనె వ్యాపారం. ఆదోనిలో పత్తి ఉన్నంతకాలం పత్తి గింజ ఉంటుంది, గింజ ఉన్నంతకాలం నూనె ఉంటుంది, నూనె ఉన్నంతకాలం మా ఇంటి హాల్లో ఉయ్యాల మీద మా మామ ఉంటాడు. టేకు పలక, ఇనుప గొలుసులు, పైన దూలానికి కొక్కేలు. పొద్దున స్నానం చేసి బొట్టు పెట్టుకుని దాని మీద కూర్చుంటే మధ్యాహ్నం భోజనానికే లేవడం. బ్రోకర్లు చిన్న సీసాల్లో నూనె శాంపిళ్లు తెచ్చి ఆయన ముందు నిలబడతారు. ఆయన ఒక్క చుక్క బొటనవేలి మీద వేసుకుంటాడు. చూపుడువేలితో రుద్దుతాడు. రెండు వేళ్లూ మెల్లగా విడదీసి, మధ్యలో తీగ సాగుతుందా తెగుతుందా అని చూస్తాడు. సాగితే తల ఊపుతాడు. తెగితే ఒకే మాట, “పల్సగుండాది.” అంతే, ఆ బ్రోకరు పని అయిపోయినట్టే. పల్చగా ఉందంటే అందులో ఇంకేదో కలిపారని అర్థం. కలిపినవాడు దొంగ, తెచ్చినవాడు దొంగకు తోడు. నేను కాపురానికి వచ్చాక ఎంతమంది ఆ హాల్లోంచి తల దించుకుని చెప్పులు వెతుక్కుంటూ పోయారో నాకే లెక్క తెలియదు.

ఆ పిచ్చి ఇంటిల్లిపాదికీ అంటుకుంది. పాలు పల్చగా ఉంటే మా అత్త పాలవాణ్ణి వీధి వినేట్టు తిడుతుంది. చారు పల్చగా ఉంటే మా ఆయన గిన్నె వైపు చూడడు, నా వైపు చూస్తాడు. పెళ్లిచూపులకు వచ్చి వెళ్లిన రోజు నన్ను కూడా అదే మాట అన్నారట, పిల్ల పల్సగుండాది అని. మా అత్తే చెప్పింది, నవ్వుతూ, నా చేతిలో పసుపు కుంకుమ పెడుతూ. నేనూ నవ్వాను. అప్పుడు కొత్త కదా.

నేను ఎమ్మిగనూరులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేదాన్ని. మొదట్లో బస్సులోనే పోయేదాన్ని. పొద్దున బస్సులో మనిషి మీద మనిషి. ఒక చేత్తో పైకడ్డీ, ఇంకో చేత్తో కొంగు, మెడకు వేలాడుతూ అన్నం డబ్బా సంచి. పత్తి తీసే కాలంలో కూలీలు మూటలతో ఎక్కేవాళ్లు. వాళ్లనేమీ అనను, వాళ్ల బాధ వాళ్లది. కాలేజీలో మొదటి పీరియడ్ నాదే. బస్సు ఆలస్యమైతే ప్రిన్సిపాల్ గేటు దగ్గర నిలబడి, నన్ను చూసి, గడియారం చూసి, మళ్లీ నన్ను చూసేవాడు. ఒక్క మాట అనేవాడు కాదు. ఆ చూపుకన్నా రెండు తిట్లు తిడితే బాగుండేది. అందుకే కారు నేర్చుకున్నాను, కారు కొన్నాను. చిన్నది, పెట్రోలుది, టర్బో ఇంజన్‌ది, ఇంకొకరు కొన్నాళ్లు వాడి వదిలేసింది.

కొన్నాక తెలిసింది, తలుపు వేసుకుని తాళం తిప్పితే నన్నెవరూ కేక వేయని చోటు ఒకటి ఈ భూమ్మీద ఉందని. మా ఇంట్లో నేను ఏ గదిలో ఉన్నా “ఏమ్మా” అని పిలుపు వస్తుంది. స్నానాల గదిలో ఉన్నా వస్తుంది. కారులో రాదు. అటు పత్తి చేలు, ఇటు జొన్న చేలు, మధ్యలో రోడ్డు, రోడ్డు మీద నేను. పాటలు కూడా పెట్టుకునేదాన్ని కాదు. ఊరికే నడిపేదాన్ని. ఆ కారు ఉంటేనే ఆ ఉద్యోగం, ఆ ఉద్యోగం ఉంటేనే ఆ కారు. ఒకటి పోతే రెండోదీ పోతుందని నాకు తెలుసు. మా మామకు నాకంటే బాగా తెలుసు.

నేను ఉద్యోగానికి పోవడం ఆయనకు మొదటి నుంచీ గిట్టదు. “మార్కెట్ యార్డులో నన్ను అడగతాండారమ్మా,” అనేవాడు ఉయ్యాల ఊగుతూ. “ఏం సావుకారీ, యాపారం బాగలేదా, కోడల్ని పనికి అంపిస్తాండావు, అంటాండారు. ఏం సెప్పల్ల నేను?”

ప్రతి మాటకూ ఉయ్యాల కిర్రుమనేది. ఆ చప్పుడుకు నాకు పళ్లు జివ్వుమనేవి. “గొలుసులకు కొంచెం నూనె పెట్టించండి మామా,” అని ఎన్నోసార్లు అడిగాను. వంటనూనె పెడితే జిడ్డుకు దుమ్ము పట్టి ఇంకా అరుస్తుందట. “మంచి నూనె దొరకనీలేమ్మా, పెడదాం,” అనేవాడు. నూనె వ్యాపారి ఇంట్లో ఉయ్యాలకు నూనె దొరకలేదు. ఈ ముచ్చట ఎవరికి చెప్పుకోను?

కారుకు నూనె మార్చే సమయం వచ్చింది. కారుతో పాటు ఇచ్చిన పుస్తకం తీసి చదివాను. నా ఇంజన్‌కు సింథటిక్ నూనే పోయాలని, అందులోనూ పల్చటి రకమే పోయాలని తేటతెల్లంగా ఉంది. అందులో వింతేమీ లేదు. మామూలు ఇంజన్ నూనె ముడిచమురును శుద్ధి చేసి తీసినది. దాంట్లో అణువులు చిన్నవీ పెద్దవీ కలగాపులగంగా ఉంటాయి, వేడికి తొందరగా మాడి ముద్ద కడతాయి. సింథటిక్ నూనెలో అణువులు ఇంచుమించు ఒకే కొలతలో ఉండేట్టు తయారు చేస్తారు. వేడికి ఓర్చుకుంటుంది, చలికి బిగుసుకోదు. టర్బో అంటే నిప్పులా కాగుతూ తిరిగే చిన్న చక్రం. సన్నటి సందుల్లోంచి దానికి క్షణంలో నూనె అందాలి, అందుకని పల్చగా ఉండాలి. పాతకాలం బండ్లకు, అరిగిపోయిన ఇంజన్లకు చిక్కటి మామూలు నూనె చక్కగా సరిపోతుంది, దాన్ని తీసిపారేయను. కానీ దాన్ని తొందర తొందరగా మారుస్తూ ఉండాలి. సింథటిక్ అయితే దానికి రెట్టింపు దూరం నడుస్తుంది. ఇదంతా నా క్లాసులో పిల్లలకు చెప్పినదే. పరీక్షలో సరిగ్గా రాస్తే మార్కులు కూడా వేశాను.

ఒక శనివారం ఎమ్మిగనూరులో సింథటిక్ డబ్బా కొనుక్కుని ఇంటికి తెచ్చాను, ఆదివారం మెకానిక్ షెడ్డుకు తీసుకుపోదామని. హాల్లో బల్ల మీద పెట్టానో లేదో మామ కన్ను పడింది.

“ఏందమ్మా అది?”

“కారుకు నూనె మామా.”

“నూనెనా? ఇట్ల తే.”

నూనె అన్న మాట చెవిన పడితే ఆయన ఆగలేడు. మూత తీయించాడు. బొటనవేలి మీద చుక్క వేసుకున్నాడు, రుద్దాడు, విడదీశాడు. తీగ సాగలేదు. ఇంకోసారి చూశాడు. సాగలేదు. ఆ మొహం మీరు చూడాల్సింది, ఇంట్లోకి పాము వచ్చినట్టు పెట్టాడు.

“నీళ్లు!” అన్నాడు. “ఏమే, ఇట్ల రా, కోడలు ఏం తెచ్చిందో సూడు!”

మా అత్త వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి తానూ వేలు ముంచింది. “అయ్యో, కడుగునీళ్ల మాదిరుండాది గదప్పా!” అంది. మా ఆయన ఫోన్ పక్కన పెట్టి లేచి వచ్చి ముంచాడు. ముగ్గురూ వరసగా నిలబడి బొటనవేళ్లు రుద్దుకుంటూ నన్ను చూస్తున్నారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

“ఎంతకిచ్చినాడు?” అన్నాడు మామ. చెప్పాను. ఉయ్యాల మీద వెనక్కి వాలి నవ్వాడు. ఆ నవ్వుకు దూలం దాకా కిర్రుమంది.

“సదువుకున్నోళ్లని మోసం చేసినంత సులువు ఇంగొకటి లేదు. అంగడోడు నీ కళ్లద్దాలు సూసినాడు, అంటగట్టినాడు. యాడన్నా నూనె ఇంత పల్సగుంటాదా?”

“ఇది పల్చగానే ఉండాలి మామా. ఈ ఇంజన్‌కు చిక్కటిది పనికిరాదు. పుస్తకంలో రాసుంది.”

“నూనె పల్సగుండల్లంట!” అని ఆయన కొడుకు వైపు తిరిగాడు. “విన్నావా? నేను ఇన్ని ఏండ్లు నూనె అమ్మినాను గానీ, ఈ మాట ఈ పొద్దే వింటాండా.”

మా ఆయన కూడా నవ్వాడు. అతనికి నాన్న నవ్వితే నవ్వు వస్తుంది, నాన్న కోప్పడితే కోపం వస్తుంది, సొంతంగా వచ్చేది ఆకలి ఒక్కటే. “నాయన సెప్తాండాడు గద, ఎందుకు ఎదురు మాట్లాడతావు? సిక్కటిది ఏపిద్దాంలే. ఇంజన్ గట్టిగుంటాది,” అన్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. “ఇది తినే నూనె కాదు మామా. ఇంజన్‌లో మనమేం బజ్జీలు వేయడం లేదు,” అన్నాను.

ఉయ్యాల ఆగింది. హాల్లో ఆ కిర్రు ఆగిందంటే తీర్పు వస్తుందని మా ఇంట్లో అందరికీ తెలుసు. మా అత్త నా మోచేయి పట్టుకుని లాగింది. మా ఆయన నవ్వు ఎక్కడిదక్కడ ఆపేశాడు.

కోపం వస్తే మా మామ గొంతు పెరగదు, తగ్గుతుంది. “సరేమ్మా,” అన్నాడు మెల్లగా. “నీ నూనే పోపిచ్చుకో. నేను అడ్డం రాను. కానీ ఒక మాట. ఆ కారు సెడితే మళ్ల ఎమ్మిగనూరు మాట ఎత్తగూడదు. ఇంట్లో ఉండల్ల. ఒప్పుకుంటావా?”

“ఒప్పుకుంటాను,” అన్నాను. ఎందుకు ఒప్పుకోను? పుస్తకం నా పక్కన ఉంది. కెమిస్ట్రీ నా పక్కన ఉంది. ఆ హాల్లో మాత్రం నా పక్కన మనిషి అన్నవాడు ఒక్కడూ లేడని అప్పుడు ఆలోచించలేదు.

మరుసటి రోజు షెడ్డుకు పోయి, పాత నూనె చివరి చుక్క కారేదాకా పక్కనే నిలబడి, నా డబ్బా నా కళ్ల ముందే పోయించాను. “మంచి నూనె తెచ్చినావక్కా,” అన్నాడు మెకానిక్. అతను మంచివాడే. నాతో మంచిగా ఉంటాడు, మా మామతో మంచిగా ఉంటాడు, ఎవరు షెడ్డులోకి వస్తే వాళ్లతో మంచిగా ఉంటాడు. అలాంటి మంచితనం నాకు ఇప్పుడు కనబడితే రోడ్డు దాటి అటు పక్కకు పోతాను.

ఆ తర్వాత కొద్ది రోజులకే దసరా సెలవులు. నేను పుట్టింటికి పోయాను. మాది హొళగుంద. “మేము మంత్రాలయం పోయొస్తాం, కారు ఈడ ఉండనీ,” అన్నాడు మా ఆయన. దేవుడి దగ్గరికి పోతామంటే వద్దని ఎలా అంటాను? తాళాలు ఇచ్చి బస్సులో పోయాను.

సెలవులు అయ్యాక తిరిగి వచ్చి హాల్లో సంచి దించాను. ఏదో తేడాగా ఉంది. ఏమిటో వెంటనే తట్టలేదు. మా మామ ఉయ్యాల మీద ఊగుతున్నాడు, ఎప్పటిలాగే పలకరించాడు, మా అమ్మ క్షేమం అడిగాడు. అప్పుడు తెలిసింది, చప్పుడు లేదు. అంత బరువు మనిషి ముందుకూ వెనక్కూ పోతుంటే గొలుసులు కిక్కురుమనడం లేదు.

“ఉయ్యాలకు నూనె పెట్టించారా మామా?” అన్నాను.

“మంచి నూనె దొరికిందమ్మా,” అన్నాడు.

మా అత్త గిరుక్కున తిరిగి వంటింట్లోకి పోయింది. నవ్వు ఆపుకోవడానికి పోయిందని నాకేం తెలుసు? నేను సంతోషపడ్డాను. పళ్లు జివ్వుమనే బాధ తప్పిందని ఆయనకు థాంక్స్ కూడా చెప్పాను. మీరూ నవ్వుకోండి, నాకేం.

చలికాలం వచ్చింది. పొద్దున కారు స్టార్ట్ చేస్తే ఇంజన్ మునుపటిలా వెంటనే అందుకునేది కాదు, కొంచెం మొరాయించి, ముక్కి, అప్పుడు కదిలేది. వాడిన కారు కదా, వయసు అనుకున్నాను. వారానికోసారి నూనె మట్టం చూసే సన్నటి కమ్మీ తీసి చూసేదాన్ని. మట్టం సరిగ్గానే ఉండేది. నల్లగా ఉండేది. నడిచిన నూనె నల్లబడుతుంది, అందులో అనుమానపడేదేముంది? మా మామలాగా వేళ్ల మధ్య వేసుకుని రుద్ది చూడాలని నాకు తట్టలేదు. ఆ పిచ్చిని చూసి నవ్వుకున్నదాన్ని, నేనెందుకు రుద్దుతాను? ఇంజన్‌లో ఉన్నది సింథటిక్కే కదా అని, దానికి పుస్తకంలో చెప్పినంత దూరమూ నడిపాను. మామూలు నూనె అని తెలిసి ఉంటే సగంలోనే మార్పించేదాన్ని.

ఎండలు ముదిరాయి. వార్షిక పరీక్షలు దగ్గర పడ్డాయి. పిల్లలకు మధ్యాహ్నం దాకా స్పెషల్ క్లాసు చెప్పి ఎమ్మిగనూరు నుంచి తిరిగి వస్తున్నాను. రోడ్డు మీద ఎండమావి ఊగుతోంది. ముందు డ్యాష్‌బోర్డు మీద ఎర్రదీపం వెలిగింది. పక్కకు తీసి ఆపేలోపు ఇంజన్‌లోంచి ఇనుము ఇనుమును గీరుతున్న చప్పుడు వచ్చింది. వెనక అద్దంలో నీలం పొగ తప్ప ఏమీ కనబడలేదు. పెద్ద కుదుపుతో కారు ఆగిపోయింది. తాళం తిప్పితే కటుక్కుమంది, అంతే. ఇంకోసారి తిప్పడానికి నాకు ధైర్యం చాలలేదు.

చెట్టు లేదు, నీడ లేదు. పత్తి తీసేసిన చేలలో ఎండిన కట్టె మాత్రం ఉంది. మా ఆయనకు ఫోన్ చేశాను. కారు రోడ్డు మధ్యలో ఆగిపోయిందని చెప్పాను.

“సెడిందా?” అన్నాడు.

నువ్వు ఎలా ఉన్నావు అనలేదు. ఎక్కడ ఉన్నావు అనలేదు. ఫోన్ పక్కకు పెట్టి, “నాయనా, సెడిందంట!” అని కేకేయడం నాకు వినబడింది. ఆ గొంతులో దిగులు లేదు. క్రికెట్‌లో వికెట్ పడితే అరుస్తాడు కదా, అచ్చం అదే గొంతు.

మరుసటి రోజు పొద్దున, కారును లాక్కొచ్చి పెట్టిన షెడ్డుకు మా ఇల్లంతా తరలి వచ్చింది. మా అత్త షెడ్డు గడప తొక్కడం అదే మొదలు. పట్టుచీర కట్టుకోలేదు, అదొక్కటే తక్కువ. మామకు కుర్చీ వేశారు. టీ తెప్పించారు. పక్క అంగళ్ల వాళ్లు కూడా వచ్చి నిలబడ్డారు. మెకానిక్ బానెట్ ఎత్తి చూసి, ఇంజన్ పట్టేసిందని, ఇక లేవదని చెప్పాడు.

“ఎట్ల నడిపిందో ఏమో!” అన్నాడు మామ, అందరికీ వినబడేట్టు. “బ్రేకు ఏదో, ఇంగొకటి ఏదో, తెల్సుకోని తొక్కినట్లుందా? ఆడోళ్ల సేతికి బండి ఇస్తే ఇంతే గద.”

నలుగురూ నవ్వారు. నేను కారుకు ఆనుకుని నిలబడ్డాను. నోరు విప్పితే ఏడుపు వస్తుందని విప్పలేదు. అక్కడ ఏడిస్తే దాన్ని కూడా హాల్లో కూర్చుని చెప్పుకుంటారు.

మెకానిక్ నూనె కమ్మీ లాగి, గుడ్డతో తుడవబోయాడు. నూనె అన్నది కంటికి కనబడ్డాక మా మామ కుర్చీలో ఉంటాడా? “ఉండు, ఉండు,” అని లేచి వచ్చాడు. కమ్మీ కొసన నల్లగా, తారులా వేలాడుతోంది. బొటనవేలి మీదకు తీసుకున్నాడు. రుద్దాడు. విడదీశాడు. తీగ సాగింది. ఎంత దూరం విడదీస్తే అంత దూరం సాగింది. నిజం చెబుతున్నాను, ఆయన మొహం వెలిగిపోయింది. ఏళ్ల తరబడి ఎన్ని శాంపిళ్లు చూసినా అలాంటి తీగ చూసి ఉండడు.

“సూడండప్పా, సూడండి!” అన్నాడు వేళ్లు అందరికీ చూపిస్తూ. “ఇంత ఎండలో, ఇన్ని దినాలు నడిసినాక గూడా ఎంత సిక్కగుండాదో సూడండి! ఇదీ నూనె అంటే. నూనె తప్పు ఏం లేదు. నేను ఈడనే నిలబడి పోపిచ్చిన నూనె ఇది. తప్పంతా నడిపేదాంట్లోనే ఉండాది.”

అనేసిన తర్వాత ఆయన చేయి గాల్లోనే ఉండిపోయింది.

మెకానిక్ బానెట్ కిందికి వంగి ఏమీ లేని చోట ఏదో వెతకడం మొదలుపెట్టాడు. మా ఆయన ఫోన్ తీశాడు. మా అత్త సరిగ్గా ఉన్న కొంగును మళ్లీ సర్దుకుంది.

“మీరు పోయించిన నూనెనా మామా?” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. “నేను పోయించింది పల్చటిది కదా. నీళ్లు అన్నారు కదా మీరు. నా నూనె ఏమైంది?”

ఆయన తన వేళ్ల వైపే చూసుకున్నాడు. మెకానిక్‌ను అడిగాను. అతను తల ఎత్తకుండా చెప్పాడు, “నన్ను ఎందుకక్కా ఇరికిస్తారు? దసరాకి నువ్వు ఊరికి పోయినప్పుడు సావుకారి వచ్చి మార్చమన్నాడు. అన్న గూడా ఉన్నాడు. నీ నూనె పారబోయనీలేదులే. కొత్తది గదా, డబ్బాలోకి పట్టుకోని ఇంటికి తీసకపోయినారు.”

అన్న అంటే మా ఆయన. నేను అతని వైపు చూశాను. అతను ఫోన్‌లోంచి తల ఎత్తలేదు. డబ్బా ఇంటికి ఎందుకు పోయిందో, గొలుసులు ఎందుకు మౌనంగా ఉన్నాయో, మా అత్త ఎందుకు గిరుక్కున తిరిగిందో, నేను ఎవరికి థాంక్స్ చెప్పానో, అన్నీ అక్కడే అర్థమయ్యాయి. తల కొట్టేసినట్టయింది.

“అది చిక్కదనం కాదు మామా,” అన్నాను. “మాడి ముద్దయిన నూనె అది. మీరు పోయించిన రకం ఎప్పుడో మార్చాల్సింది. నాది ఉందనుకుని నేను నడిపాను. ఒక్క మాట చెప్పి ఉంటే మార్పించేదాన్ని. కారును చంపింది మీ చిక్కటి నూనె.”

అంత మంది ముందు ఆయనకు ఎవరూ ఎప్పుడూ అలా చెప్పి ఉండరు. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, గెలిచాననుకున్నాను. ఆయన మెకానిక్ దగ్గర గుడ్డ తీసుకుని ఒక్కో వేలూ తీరిగ్గా తుడుచుకున్నాడు.

“కారు సెడితే అన్నాం,” అన్నాడు మెల్లగా. “ఏ నూనెకి సెడితే అని అనలేదు. సెడిందా లేదా?”

ఆ నవ్విన నలుగురూ ఈసారి తలలు ఊపారు. ఊపుతారు మరి. అంతా వ్యాపారం చేసుకునేవాళ్లే, బేరంలో మాట అంటే ఎంతో వాళ్లకు తెలుసు. నేను ఎదురుగా నిలబడి ఒప్పుకున్న మాటలో ఎక్కడ సందు ఉందో ఆయనకు మొదటి రోజే తెలుసు, నాకే తెలియదు. అంత బేరం నాతో ఎందుకు ఆడాడో అని ఇప్పటికీ కడుపు మండిపోతుంది.

“పదమ్మా, ఇంటికి పోదాం,” అంది అత్త. “నీ మంచికే మార్పిచ్చినాడు. ఇంజన్ గట్టిగుండల్లని ఆయన ఆశ. పెద్దాయన్ని నలుగుట్లో నిలబెట్టినావు, సాల్లే ఇంగ.”

ఇంటికి పోయాక మా ఆయనను నిలదీశాను. నీకు తెలుసు కదా, కనీసం ఒకసారి చెవిలో చెప్పలేకపోయావా అన్నాను. “తెలుసు. ఇప్పుడేం జేయమంటావు? నాయన్ని తప్పు ఒప్పుకోమని అడగమంటావా?” అన్నాడు. అని, నా ముందే ప్రిన్సిపాల్‌కు ఫోన్ చేశాడు. “మా ఆవిడ రేపట్నుంచి రాదు సార్. ఇంట్లో ఇబ్బంది.” అవతలి నుంచి ఏం అన్నాడో వినబడలేదు. ఎక్కువేమీ అనలేదని మాత్రం తెలిసింది, ఫోన్ అంత తొందరగా పెట్టేశాడు.

నువ్వెందుకు ఊరుకున్నావని మీరు అడుగుతారు. ఊరుకోలేదు. అరిచాను. గిన్నెలు విసిరాను. అన్నం మానేశాను. బస్సులో పోతానన్నాను. కారు చెడితే బస్సులో పోవచ్చని షరతులో ఉందా అని అడిగాడు మా మామ. ఇంట్లో చెప్పకుండా కాలేజీకి పోదామని ఒక పొద్దున బస్టాండు దాకా నడిచాను కూడా. అప్పటికే నా మొదటి పీరియడ్ ఇంకొకరికి ఇచ్చేశామని ఆఫీసులో అమ్మాయి ఫోన్‌లో చెప్పింది. హొళగుంద నుంచి మా అమ్మను పిలిపించారు. వచ్చి మా మామ చెప్పినదంతా విన్నది, నేను చెప్పినదంతా విన్నది. తర్వాత నా తల నిమిరి, “సుమ్మనిరు తాయీ,” అంది కన్నడంలో. ఊరుకో తల్లీ అని. మా అమ్మ ఎప్పుడు కన్నడంలోకి పోతే అప్పుడు ఆమె చేతుల్లో ఏమీ లేదని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

కారును షెడ్డు నుంచే ఎవరో విడిభాగాలకు తీసుకుపోయారు. సీటు కింద నా చాక్‌పీసు డబ్బా, అన్నం సంచి ఉండిపోయాయి. వాటి కోసం ఎవరూ వెనక్కి పోలేదు.

ఇప్పుడు పొద్దున నేను హాల్లో కాఫీలు ఇస్తాను. వచ్చిన బ్రోకర్లకు, బంధువులకు, కౌతాళం నుంచి పత్తి గింజ అమ్మడానికి వచ్చేవాళ్లకు మా మామ నా కథ చెబుతాడు. కోడలు కారు నడిపి ఇంజన్ పట్టేపిచ్చిన కథ. చెప్పేకొద్దీ పెరుగుతోంది. మొన్న చెప్పినప్పుడు నేను రోడ్డు మీద గొర్రెల మందలోకి కూడా తోలానట. నేను పక్కనే ఉంటాను. ఖాళీ గ్లాసులు తీసుకునేదాకా ఉండాలి కదా. షెడ్డులో ఏం జరిగిందో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. తెలిసి కూడా గొర్రెల దగ్గర నవ్వుతారు.

మొన్న ఒక కొత్త బ్రోకరు వచ్చాడు. కుర్రతనం పోని మనిషి, గమ్మున ఉండలేడు. కథంతా విని, నవ్వి, ఉయ్యాల గొలుసుల వైపు చూశాడు.

“ఏం సావుకారీ, ఉయ్యాల ఇంత ఊగతాంటే సప్పుడే లేదే! మా ఇంట్లోది సంపుతాండాది. ఏం నూనె ఏసినారు?”

నేను కాఫీ గ్లాసుతో అప్పుడే వచ్చి ఉయ్యాల ముందు నిలబడ్డాను. వంటింటి గడప దగ్గర మా అత్త ఆగిపోయింది. మా మామ నా మొహంలోకి చూశాడు. అంత సూటిగా ఆయన నన్ను ఎప్పుడూ చూడలేదు. ఏదో ఒకటి అబద్ధం చెబుతాడనుకున్నాను. తడబడతాడనుకున్నాను. పిచ్చిదాన్ని.

“మా కోడలు తెచ్చిందప్పా,” అన్నాడు. “పల్సగుంటాది గానీ, శానా మంచి నూనె. ఒక్కసారి పెడితిమి, సూడు, మళ్ల అడగలేదు.”

కాలితో నేలను తన్ని మళ్లీ ఊగాడు. ఉయ్యాల కిక్కురుమనకుండా నా ముందు నుంచి వెనక్కి పోయింది, మళ్లీ నా మీదికి వచ్చింది. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, అది ఆగేదాకా నిలబడ్డాను.